రోగిని గమనించడమే వైద్యానికి మొదటి అక్షరం

(నర్సుల దినోత్సవం సందర్భంగా బాసరలో నర్సింగ్ విద్యార్థులను, రోగుల బంధువులను ఉద్దేశించి ఒక నర్సింగ్ ట్యూటర్ చేసిన ప్రసంగ పాఠం)



ముందు వరుసల్లో నర్సింగ్ విద్యార్థినీ విద్యార్థులు కూర్చున్నారు. వెనుక వరుసల్లో వార్డుల నుంచి వచ్చిన తల్లులు, అన్నలు, అక్కలు, పెద్దమ్మలు కూర్చున్నారు. వెనుక కూర్చున్నవారు ఇది తమకు సంబంధించిన ప్రసంగం కాదని అనుకోవద్దు. నర్సు ఎనిమిది గంటల డ్యూటీలో ఎంతోమంది రోగులను చూడాలి. మీరు చూసేది ఒక్కరినే, అదీ రాత్రింబగళ్ళు. అందుకే ఈ రోజు నేను నర్సులకు చెప్పే ప్రతి మాటా మీకు కూడా చెబుతున్నాను.

బాసరలో అక్షరాభ్యాసం అంటే ఏమిటో మీకు నేను చెప్పనవసరం లేదు. ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకొని మొదటి అక్షరం దిద్దించడానికి ఇక్కడికి వస్తారు. ఆ ఒక్క అక్షరం రాకుండా ఎంత పెద్ద చదువూ రాదు. నర్సింగ్ చదువుకూ అలాంటి మొదటి అక్షరాలు ఉన్నాయి. అవి ఇంజెక్షన్ చేయడం, సెలైన్ పెట్టడం కావు. చూడడం, అడగడం, తాకడం, లెక్కించడం, రాయడం. ఈ ఐదింటినీ కలిపి రోగి స్థితిని అంచనా వేయడం అంటాము. 1820 మే 12న పుట్టిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ గురించి రాసిన పుస్తకంలో గమనించడం అనే విషయానికి ఒక అధ్యాయమే కేటాయించారు. గమనించడం చేతకాని నర్సు ఎంత ప్రేమగలదైనా రోగికి మేలు చేయలేదు.

మన దగ్గరి ఉదాహరణ

ఇది ఎక్కడో విదేశంలో జరిగిన సంగతి కాదు. గోదావరి వంతెన దాటి నిజామాబాద్ మీదుగా వెళితే డిచ్‌పల్లి వస్తుంది. అక్కడ 1915లో కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి మొదలైంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ అనే మిషనరీ వైద్యురాలు, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ దానిని ప్రారంభించారు. దాని నిర్మాణానికి డబ్బు ఇచ్చినవారు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఊరి బయటకు వెళ్ళగొట్టిన మనుషులను దగ్గరకు తీసుకున్న చోటు అది.

కుష్ఠు వ్యాధిని ఎలా గుర్తిస్తారో తెలుసా? దానికి పెద్ద యంత్రం అక్కరలేదు. ఒంటి మీద రంగు తగ్గిన మచ్చ ఉంటే, రోగిని కళ్ళు మూసుకోమని, దూది పోగుతో ఆ మచ్చను మెల్లగా తాకుతారు. ఎక్కడ తాకారో వేలితో చూపించమంటారు. మామూలు చర్మం మీద వెంటనే చూపిస్తాడు. మచ్చ మీద తాకితే తెలియకుండా ఊరుకుంటాడు. తరువాత మోచేతి వెనుక నరం లావెక్కిందేమో వేళ్ళతో తడిమి చూస్తారు. ఒక దూది పోగు, రెండు వేళ్ళు, కొంచెం ఓపిక. ఆనాడు చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్లు తప్ప మందు లేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసిన తరువాత జబ్బు పూర్తిగా నయమవుతోంది. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మందు మారింది గానీ, దూది పోగుతో తాకి చూసే పరీక్ష మాత్రం నేటికీ అదే. మీ ఇంట్లో ఎవరికైనా స్పర్శ తెలియని మచ్చ ఉంటే దాచవద్దు, చూపించండి.

నేను చేసిన పొరపాటు

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. విద్యార్థులారా, మీరు నాలా చేయకూడదని చెబుతున్నాను.

నేను రెండవ సంవత్సరం చదువుతున్నప్పుడు ఒక రాత్రి డ్యూటీలో ఉన్నాను. తాటిచెట్టు మీద నుంచి పడిన ఒక యువకుడిని సాయంత్రం చేర్చారు. తలకు దెబ్బ. వచ్చినప్పుడు మాట్లాడుతున్నాడు, నీళ్ళు అడిగాడు. గంటకొకసారి నాడి, బి.పి. చూసి చార్టులో రాయమని నాకు చెప్పారు. రాశాను. అర్ధరాత్రి దాటాక వాళ్ళమ్మ నా దగ్గరకు వచ్చి, "బిడ్డా, వాడు నన్ను సక్కగ గుర్తు పడుతలేడు. పిలిస్తే ఊ అంటుండు గాని సోయి లేనట్టున్నది" అంది. నేను లేచి చూశాను. గురక పెడుతున్నాడు. "నిద్రపోతున్నాడమ్మా, లేపకు" అని చెప్పి, చార్టులో కూడా నిద్రపోతున్నాడని రాశాను.

గంట తరువాత ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి నన్ను అడగలేదు. నేరుగా సీనియర్ సిస్టర్ దగ్గరకు వెళ్ళింది. సిస్టర్ వచ్చి పేరు పెట్టి గట్టిగా పిలిచారు, భుజం మీద గిచ్చారు, కనురెప్పలు ఎత్తి టార్చి వేశారు. కుడి కంటిపాప పెద్దదైపోయింది. వెలుతురు పడినా ముడుచుకోవడం లేదు. తరువాత చార్టు తీసి నాకు చూపించారు. నాడి 84, తరువాత 72, తరువాత 58. బి.పి. ఒక్కొక్క మెట్టు పైకి ఎక్కుతోంది. మూడు అంకెలూ నా చేతిరాతే. నేను రాశాను గానీ చదవలేదు. తలలోపల రక్తం పేరుకొని మెదడును నొక్కుతుంటే నాడి నెమ్మదిస్తుంది, బి.పి. పెరుగుతుంది, మనిషి మత్తులోకి జారిపోతాడు. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే.

ఆ రాత్రే అతనిని పెద్ద ఆసుపత్రికి పంపారు, ఆపరేషన్ జరిగింది. దేవుని దయ వల్ల బతికాడు. కానీ ఎడమ చేయి బలహీనంగానే ఉండిపోయింది. మళ్ళీ తాటిచెట్టు ఎక్కలేకపోయాడు. గంట ముందే పంపి ఉంటే చేయి బాగుండేదా అంటే నేను చెప్పలేను. కానీ ఆ గంట పోగొట్టింది మాత్రం నేనే. ఏ చదువూ లేని ఆ తల్లి తన కొడుకు స్థితిని నాకంటే బాగా అంచనా వేసింది. తన కొడుకు మామూలుగా ఎలా ఉంటాడో ఆమెకు తెలుసు. అది ఏ చార్టులోనూ ఉండదు.

నర్సు ఏమి చూస్తుంది, ఎందుకు చూస్తుంది

రాత్రి రెండు గంటలకు వచ్చి లేపి బి.పి. చూస్తే కొందరికి కోపం వస్తుంది. "ఇప్పుడే పండిండు, ఎందుకు లేపుతరు" అంటారు. ఎందుకో వినండి.

మొదటిది శ్వాస. పెద్దవారు ఊరికే పడుకున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. జబ్బు ముదిరేటప్పుడు చాలాసార్లు అన్నిటికంటే ముందు మారేది శ్వాసే. అందరూ నిర్లక్ష్యం చేసేదీ దానినే. విద్యార్థులారా, రోగి మణికట్టు పట్టుకొని నాడి చూస్తున్నట్టే ఉండి ఛాతి కదలికలను నిండు నిమిషం లెక్కపెట్టండి. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి తీరు మార్చేస్తాడు. చిన్నపిల్లల లెక్క వేరు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 లేదా అంతకు మించి ఉంటే అది వేగంగా ఊపిరి తీయడమే. న్యుమోనియా కావచ్చు. డొక్కలు ఎగరేస్తుంటే ఆలస్యం చేయవద్దు.

రెండవది నాడి. పెద్దవారికి 60 నుంచి 100. అంకె ఒక్కటే చాలదు. బలంగా ఉందా, దారంలా సన్నగా ఉందా, తాళం తప్పుతోందా అని చూడాలి. గోరు నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు మూడు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. రాకపోతే, చేతులు కాళ్ళు చల్లబడితే, రక్తప్రసరణ తగ్గుతోందని అనుమానించాలి.

మూడవది జ్వరం. మామూలు వేడి 98.6 డిగ్రీల దగ్గర ఉంటుంది. 100.4 దాటితే జ్వరం. చేయి పెట్టి చూస్తే చాలదు, థర్మామీటర్ పెట్టాలి. ముసలివారిలో పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. వారికి జ్వరం బదులు మతిమరుపు మాటలు, తిండి మానేయడం కనిపిస్తాయి.

నాలుగవది బి.పి. 140/90 లేదా అంతకు మించి పదేపదే ఉంటే ఎక్కువ. పై అంకె 90 కంటే పడిపోతే ప్రమాదం. కానీ రోజూ 160 ఉండే మనిషికి 100 కనబడితే అది నార్మల్ కాదు, పడిపోవడమే. అందుకే ఇంట్లో బి.పి. ఎంత ఉండేదని మిమ్మల్ని అడుగుతాము.

ఐదవది వేలికి పెట్టే ఆక్సీమీటర్. 2020లో కరోనా వచ్చాక ఇది చాలా ఇళ్ళలోకి వచ్చింది. మామూలుగా 95 లేదా ఆ పైన ఉండాలి. 90 కంటే తగ్గితే అత్యవసరం. చేయి చల్లగా ఉన్నా, గోళ్ళకు రంగు ఉన్నా, గోరింటాకు బాగా ముదురుగా పండినా అంకె తప్పు చూపవచ్చు. అంకె బాగున్నా రోగి ఎగపోస్తుంటే రోగినే నమ్మండి.

ఆరవది స్పృహ. 1974లో గ్లాస్గో నగరానికి చెందిన టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు దీనికి ఒక కొలత ఇచ్చారు. కళ్ళు తెరవడానికి 4 మార్కులు, మాటకు 5, కదలికకు 6. మొత్తం 15. అన్నిటికంటే తక్కువ 3. ఇంత లెక్క మీకు అక్కరలేదు. పిలిస్తే పలుకుతున్నాడా, తన పేరు, ఊరు చెబుతున్నాడా, మిమ్మల్ని గుర్తుపడుతున్నాడా అని చూడండి. నిన్న చెప్పినవాడు ఈ రోజు చెప్పలేకపోతే పిలవండి.

ఏడవది మూత్రం. దీనిని చాలామంది కొలవకుండా పారబోస్తారు. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లయినా రావాలి. తగ్గితే కిడ్నీలకు రక్తం సరిగా అందడం లేదేమో అని చూస్తాము. కాబట్టి సిస్టర్ కొలవమని గిన్నె ఇస్తే కొలిచిన తరువాతే పారబోయండి.

అడగడం కూడా ఒక విద్య

మన వార్డులో ఒకరు తెలుగు మాట్లాడితే, ధర్మాబాద్ వైపు నుంచి వచ్చినవారు మరాఠీ మాట్లాడతారు, మరొకరు ఉర్దూ, ఇంకొకరు గోండి. పుస్తకంలో ఉన్న మాటలు రోగి నోట రావు. "పానం ఎట్లనో అయితున్నది" అన్న ఒక్క మాటలో నీరసం ఉండవచ్చు, గుండెపోటు ఉండవచ్చు. "దమ్ము వస్తున్నది" అంటే నడిస్తే వస్తోందా, పడుకుంటే వస్తోందా అని విడదీసి అడగాలి. పడుకుంటే ఆయాసం వచ్చి, లేచి కూర్చుంటే తగ్గుతుంటే గుండె సంగతి చూడాలి. "ఛాతిల మంట" అంటే గ్యాస్ అని గోళీ ఇచ్చి పడుకోబెట్టకూడదు. చెమటలు పట్టాయా, మంట దవడకో ఎడమ చేతికో పాకుతోందా అని అడగాలి. షుగర్ ఉన్నవారికీ ఆడవారికీ గుండెపోటు నొప్పి లేకుండా ఆయాసంతోనో వాంతితోనో రావచ్చు.

నొప్పి ఎంత అని సున్నా నుంచి పది వరకు చెప్పమంటాము. మా వార్డులో ఒక అవ్వకు అది అర్థం కాలేదు. "అవ్వా, రూపాయికి ఎంత నొప్పి?" అని అడిగాను. "పొద్దున పావలా ఉండె బిడ్డా, ఇప్పుడు ముప్పావల అయింది" అంది. ఇంతకంటే మంచి జవాబు ఏ పుస్తకంలో ఉంటుంది?

మన ప్రాంతంలో గుర్తుంచుకోవలసినవి

పాము కాటు: వానాకాలంలో నేల మీద పడుకున్నవారిని కట్లపాము కరిస్తే వాపు ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు. తరువాత కనురెప్పలు వాలతాయి, మింగలేరు, చివరకు ఊపిరి ఆగుతుంది. రాత్రి బాగా పడుకున్న మనిషి పొద్దున కడుపునొప్పితో రెప్పలు ఎత్తలేకపోతుంటే పాము కాటును అనుమానించాలి. నర్సు అతనిని పైకి చూడమంటుంది, ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలడో చూస్తుంది. అంకెలు తగ్గుతుంటే ఊపిరి కండరాలు పట్టు తప్పుతున్నాయని అర్థం. రక్తపింజరి అయితే వాపు, చిగుళ్ళలో రక్తం, ఎర్రని మూత్రం. కొంచెం రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదలకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విషం రక్తంలోకి ఎక్కినట్టే. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయవద్దు. పసరు కోసం తిరుగుతూ పోగొట్టిన సమయం తిరిగి రాదు. కరిచిన కాలును కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకురండి.

వడదెబ్బ: ఇది మే నెల. ఎండలో పనిచేసినవాడు తికమకగా మాట్లాడుతుంటే, ఒళ్ళు కాలిపోతుంటే, వేడి 104 దాటి పోవచ్చు. చెమట పడుతోంది కదా అని ధైర్యపడవద్దు. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పక్షవాతం: నవ్వమనండి, మూతి వంకర పోతుందా? రెండు చేతులూ ఎత్తమనండి, ఒకటి జారుతుందా? ఒక మాట చెప్పమనండి, నాలుక తడబడుతుందా? ఈ మూడింటిలో ఒక్కటి ఉన్నా బయలుదేరండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అందుకే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న, చివరిసారి ఈ మనిషి బాగా ఉన్నది ఎప్పుడు అని. దానికి జవాబు ఏ స్కానింగూ చెప్పదు. మీరే చెప్పాలి.

రోగి బంధువులకు నా మనవి

1. వేసుకునే మందుల చీటీలు, ఖాళీ అట్టలు అయినా సరే, సంచిలో పెట్టుకొని రండి. చెట్ల మందు, నాటు మందు వాడి ఉంటే దాచవద్దు. ఎవరూ తిట్టరు. తిడితే తప్పు మాదే.

2. ఎప్పుడు మొదలైంది, ముందు ఏమి వచ్చింది, తరువాత ఏమి వచ్చింది అన్నది వరుసగా చెప్పండి. ఒకరే చెప్పండి.

3. సెలైన్ త్వరగా అయిపోవాలని చక్రం తిప్పవద్దు. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవారికి అది ప్రాణం మీదికి తెస్తుంది.

4. కదలలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి. నడుము కింద, మడమల దగ్గర ఎర్రబడిన చోట నొక్కితే తెల్లబడకపోతే పడక పుండు మొదలైందని సిస్టర్‌కు చెప్పండి.

5. ఊపిరి మారినా, స్పృహ మారినా, కొత్తగా చెమటలు పట్టినా, మూత్రం ఆగినా, రక్తం కారినా వెంటనే పిలవండి. ఒకసారి చెప్పి వినకపోతే రెండోసారి చెప్పండి. అప్పటికీ వినకపోతే పెద్ద సిస్టర్‌ను అడగండి. "మా మనిషి ఎప్పుడూ ఇట్ల ఉండడు" అన్న మాట చాలు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడవద్దు, భయపడవద్దు.

విద్యార్థులారా, ఆ మాట మీ చెవిన పడినప్పుడు కూర్చున్నచోటి నుంచి జవాబు చెప్పవద్దు. లేచి వెళ్ళండి. చూడండి, పిలవండి, తాకండి, లెక్కపెట్టండి. తరువాత రాయండి. రాసినదాన్ని వెనుకటి అంకెలతో కలిపి చదవండి. తేడా ఉంటే డాక్టర్‌కు చెప్పండి. అర్ధరాత్రి లేపినందుకు కోప్పడితే పడనివ్వండి.

లూకా సువార్త పదవ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మంచి సమరయుని కథ మనకు తెలుసు. దారి పక్కన దెబ్బలు తిని పడి ఉన్న మనిషిని ముగ్గురూ చూశారు. ఇద్దరు చూసి పక్కనుంచి వెళ్ళిపోయారు. మూడవవాడు చూసి దగ్గరకు వెళ్ళాడు. దగ్గరకు వెళ్ళాడు కాబట్టే గాయాలు ఎక్కడ ఉన్నాయో తెలిసింది, నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, సత్రానికి చేర్చాడు. ఆ రాత్రి నేను చూశాను గానీ దగ్గరకు వెళ్ళలేదు. ఆ తల్లి దగ్గర ఉంది.

మీ మనిషి పక్కన కూర్చున్న మీకు, మీ మాట వినవలసిన మాకు, ప్రభువు తెరిచిన కళ్ళను, ఓపికగల చెవులను దయచేయునుగాక. మీ రోగులు క్షేమంగా ఇల్లు చేరుదురుగాక. ఆమెన్.